ఐరిష్ రిపబ్లికన్లు యూదు ద్వేషులా? డబ్లిన్ నుంచి ఒక జవాబు

మీరు అడిగింది ఇదీ: డబ్లిన్‌లో మాస్టర్స్ చేస్తున్నారు, ఎక్కడ చూసినా పాలస్తీనా జెండాలే. మీ రూమ్మేట్ "షిన్ ఫేన్ వాళ్లంతా యూదు ద్వేషులు, ఒకప్పుడు హిట్లర్‌తో చేతులు కలిపినవాళ్లే" అన్నాడు. క్లాసులో ఐరిష్ ఫ్రెండ్ మాత్రం "యూరప్‌లో యూదుల్ని హింసించని దేశం మాదొక్కటే" అన్నాడు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరూ సగం చెప్పి సగం మింగారు. నేను ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. ఉద్యోగం వేరే, కానీ ఆదివారాలు మనవాళ్లకి ఊరు తిప్పి చరిత్ర చెప్పడం అలవాటైపోయింది. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో తగులుతూనే ఉంటుంది. కాస్త తీరిగ్గా చెప్తాను.

ముందు ఒక మాట. ఇక్కడ రిపబ్లికన్ అంటే అమెరికాలో ట్రంప్ పార్టీ కాదు. బ్రిటిష్ రాణీ రాజూ మాకొద్దు, మొత్తం ద్వీపం ఒకే గణతంత్రం కావాలి అనేవాళ్లు రిపబ్లికన్లు. షిన్ ఫేన్ అనే పార్టీ, ఐఆర్ఏ అనే సాయుధ సంస్థ ఈ తానులో ముక్కలే. కానీ స్వతంత్ర ప్రభుత్వం ఏర్పడిన 1922 తర్వాత ఇది ఎన్ని చీలికలు అయిందంటే, ఇవాళ దేశాన్ని ఏలుతున్న రెండు పెద్ద పార్టీలు ఫియానా ఫాయిల్, ఫీనా గేల్ కూడా పాత షిన్ ఫేన్ కడుపున పుట్టినవే. అందుకని "రిపబ్లికన్లు ఇలా అన్నారు" అని ఎవరైనా అంటే, ఏ ఏడాది, ఏ ముక్క అని అడగండి.

నేను ఇన్నేళ్లుగా చదివి, విని గ్రహించింది ఒకటుంది. రిపబ్లికన్ల దగ్గర చాలాకాలం ఒకే తక్కెడ ఉండేది, ఇంగ్లండ్. ఏ విషయమైనా సరే ఇంగ్లండ్‌కి నష్టమా లాభమా అని తూచేవాళ్లు. యూదులు ఆ తక్కెడలో ఒకసారి ఇటు, ఒకసారి అటు పడ్డారు. యూదుల్ని యూదులుగా, వాళ్ల కష్టాన్ని వాళ్ల కష్టంగా చూసినవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో మైకేల్ డావిట్ ఒకడు. ఆయన దగ్గర్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన కథలోనే రెండు వైపులూ ఉన్నాయి.

డావిట్‌ది మేయో జిల్లా. చిన్నప్పుడే భూస్వామి ఇంట్లోంచి వెళ్లగొడితే కుటుంబం ఇంగ్లండ్ వలసపోయింది. పదకొండేళ్లకి బట్టల మిల్లులో కుడిచెయ్యి పోయింది. పెద్దయ్యాక రహస్య విప్లవ సంఘంలో చేరి జైలుకెళ్లాడు. బయటికొచ్చి 1879లో ల్యాండ్ లీగ్ పెట్టాడు, అంటే కౌలురైతుల సంఘం. బాయ్‌కాట్ అని మనం రోజూ వాడే మాట ఆ సంఘం పోరాటంలోనే పుట్టింది. 1880లో కెప్టెన్ బాయ్‌కాట్ అనే ఎస్టేట్ ఏజెంటును ఊరు ఊరంతా వెలివేసింది. పనివాళ్లు రాలేదు, దుకాణాల్లో సరుకివ్వలేదు. బలహీనుల చేతికి దొరికిన ఆయుధం అది.

ఇరవై నాలుగేళ్లకి అదే ఆయుధాన్ని లిమరిక్ పట్నంలో ఎవరి మీద వాడారో చూడండి. 1904 జనవరి 11న ఫాదర్ జాన్ క్రే అనే పాదిరి, రిడెంప్టరిస్ట్ అనే కాథలిక్ సంఘం మనిషి, చర్చిలో ఉపన్యాసమిచ్చాడు. రష్యా సామ్రాజ్యం నుంచి, ముఖ్యంగా లిథువేనియా వైపు నుంచి పారిపోయి వచ్చిన యూదు కుటుంబాలు కొన్ని అక్కడ కలూనీ వీధిలో ఉండేవి. మగవాళ్లు చాలామంది ఇంటింటికీ తిరిగి బట్టలు, పటాలు, చిన్నచిన్న సామాన్లు వారవారీ వాయిదాల మీద అమ్మేవాళ్లు. చేతిలో ఒక పుస్తకం, అందులో ఎవరు ఎంత బాకీ అన్న లెక్క. మన ఊళ్లలో సైకిల్ మీద చీరల మూట కట్టుకొచ్చి వారం వారం వసూలు చేసుకునేవాళ్లు గుర్తున్నారా, అచ్చం అదే వ్యాపారం. వీళ్లు రక్తం పీల్చే వడ్డీవ్యాపారులు, వీళ్లతో బేరాలు మానండి అన్నాడు పాదిరి. క్రైస్తవ పిల్లల్ని చంపుతారన్న పాతకాలపు నిందని కూడా బయటికి తీశాడు. జనం రోడ్డెక్కారు. రాళ్లు పడ్డాయి, పాలు అమ్మేవాళ్లు లేరు, పాత బాకీలు తీర్చేవాళ్లు లేరు. రబ్బీ, అంటే యూదు మతగురువు మీద రాయి విసిరిన కుర్రాడికి నెలరోజులు జైలు పడితే, బయటికొచ్చాక ఊళ్లో వాడికి స్వాగతం పలికారు. రెండేళ్లపాటు సాగిన ఈ వెలిలో కొన్ని కుటుంబాలు ఊరొదిలి వెళ్లిపోయాయి.

చచ్చినవాళ్లెవరూ లేరు కదా, రష్యాలో జరిగినదానితో పోలిస్తే ఇదెంత అంటారు కొందరు. నిజమే, ఎవరూ చావలేదు. కానీ వాయిదాల పుస్తకం మీద బతికేవాడికి పుస్తకంలో ఉన్న బాకీ మొత్తం ఒక్కరోజులో చిత్తుకాగితం అయిపోతే, దాన్ని హింస కాదంటే ఇంకేమంటారో నాకు తెలీదు.

ఇప్పుడు రిపబ్లికన్లు ఏమన్నారో వినండి. ఆర్థర్ గ్రిఫిత్ అప్పట్లో యునైటెడ్ ఐరిష్‌మన్ అనే వారపత్రిక నడిపేవాడు. ఆ మరుసటి ఏడు షిన్ ఫేన్ స్థాపించింది ఆయనే. ఆయన పత్రిక ఈ వెలిని సమర్థించింది. అది మొదటిసారి కాదు. 1899లో ఫ్రాన్స్‌లో డ్రైఫస్ అనే యూదు సైనికాధికారి మీద దేశద్రోహం కేసు నడుస్తున్నప్పుడు ఆ పత్రిక నిండా యూదు ద్వేషమే. ఎందుకలా అని వెతికితే తక్కెడ కనిపిస్తుంది. ఇంగ్లిష్ పత్రికలు డ్రైఫస్‌ని వెనకేసుకొచ్చాయి కాబట్టి వీళ్లు ఎదురు నిలబడ్డారు. పైగా అప్పుడే దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైంది. ఆ యుద్ధం వెనక ఉన్నది యూదు గనుల యజమానులే అని ప్రచారం. ఇంగ్లండ్ వ్యతిరేకత, యూదు ద్వేషం ఒకే సీసాలో కలిపేశారు. మాడ్ గాన్ లాంటి ఐరిష్ ఉద్యమకారులకి పారిస్‌లో డ్రైఫస్ వ్యతిరేకులైన అతివాద జాతీయవాదులతో నేరుగా స్నేహాలే ఉండేవి.

డావిట్ మాత్రం కొద్దిరోజుల్లోనే పత్రికకి ఉత్తరం రాసి పాదిరిని ఎండగట్టాడు. ఆయనకి చెప్పే హక్కు ఉంది. అంతకుముందు ఏడాదే, 1903లో, రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్‌లో యూదుల మీద ఊచకోత జరిగి సుమారు 50 మంది చనిపోతే, ఒక అమెరికన్ పత్రిక తరఫున వెళ్లి ఇళ్లూ ఆసుపత్రులూ తిరిగి చూసొచ్చాడు. పుస్తకం కూడా రాశాడు. పిల్లల్ని బలిస్తారనే అబద్ధం జనాన్ని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో కళ్లారా చూసినవాడు, అదే అబద్ధం సొంత దేశంలో, సొంత మతం పాదిరి నోట వింటే ఎలా ఉంటుంది!

ఇక్కడ ఆపేస్తే డావిట్ హీరో, గ్రిఫిత్ విలన్ అని తేలిపోతుంది. చాలామంది దాదాపు ఇలాగే ముగిస్తారు. కానీ ఆ పుస్తకం ముందుమాట తీసి చదవండి. దక్షిణాఫ్రికా యుద్ధాన్ని నడిపించినవాళ్ల మీద, దుర్మార్గపు పెట్టుబడి మీద యూదు వ్యతిరేకత న్యాయమైన రాజకీయ పోరాటంగా ఉంటే నేను దాని పక్షమే అని స్పష్టంగా రాశాడు. పేద యూదుడి మీద రాయి పడితే తప్పు, ధనిక యూదుడి మీద అయితే ఒప్పు అన్నట్టు. అంత చూసినవాడికి కూడా ఆ కాలపు మురికి అంటింది. నాకు ఇది చదివినప్పుడు మనసు చివుక్కుమంది. కానీ దాచిపెట్టడం కన్నా చెప్పడమే మంచిది, ఎందుకంటే ఇవాళ్టి గొడవల్లో కూడా చిక్కుముడి సరిగ్గా అక్కడే పడుతోంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

గ్రిఫిత్ కూడా అక్కడే ఆగిపోలేదు. తర్వాత్తర్వాత ఆయన మారాడు. ఆయనకి అత్యంత దగ్గరి మిత్రుల్లో మైకేల్ నోయ్క్ అనే యూదు లాయరు ఉన్నాడు. స్వాతంత్ర్య యుద్ధంలో రిపబ్లికన్ ఖైదీల కేసులు వాదించినవాడు. ఎస్టెల్లా సాలమన్స్ అనే యూదు చిత్రకారిణి మహిళా దళమైన కుమన్ నా మాన్‌లో చేరి, తన స్టూడియోలో పరారీలో ఉన్నవాళ్లని దాచిపెట్టింది. సోషలిస్టు నాయకుడు జేమ్స్ కానలీ 1902లో డబ్లిన్ వుడ్ క్వే వార్డుకి మున్సిపల్ ఎన్నికల్లో నిలబడ్డప్పుడు తూర్పు యూరప్ యూదులు మాట్లాడే యిడ్డిష్ భాషలో కరపత్రం పంచారు. ఓట్లు 431 వచ్చాయి, ఓడిపోయాడు. కానీ లిమరిక్ గొడవకి రెండేళ్ల ముందే ఒక ఐరిష్ రాజకీయ నాయకుడు యూదు పేదల దగ్గరికి వాళ్ల భాషలో వెళ్లి ఓటు అడిగాడన్నది చిన్న విషయం కాదు.

ఈ వరసలో రాబర్ట్ బ్రిస్కో గురించి ఒక సినిమా తియ్యొచ్చు. 1894లో డబ్లిన్‌లో లిథువేనియా నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టాడు. ఐఆర్ఏలో చేరి, దాని నాయకుల్లో ఒకడైన మైకేల్ కాలిన్స్ పంపిస్తే జర్మనీ వెళ్లి తుపాకులు కొని దొంగతనంగా ఐర్లండ్‌కి చేరవేశాడు. తర్వాత, ముందుముందు ప్రధాని అయిన డి వలేరాతో కలిసి ఫియానా ఫాయిల్ పార్టీ పెట్టినవాళ్లలో ఒకడు, 1927 నుంచి 1965 దాకా ఎంపీ, 1956లో డబ్లిన్ లార్డ్ మేయర్. 1926లో ఐఆర్ఏ వాళ్లు వడ్డీవ్యాపారుల మీద దాడులు చేసి లెక్కల పుస్తకాలు ఎత్తుకెళ్లారు. ఆ వ్యాపారుల్లో చాలామంది యూదులు. "మా కోపం వడ్డీ మీద, యూదుల మీద కాదు" అని ఐఆర్ఏ చెప్పుకోవాల్సి వచ్చింది. వడ్డీవ్యాపారాన్ని అదుపుచేసే 1933 చట్టం కోసం పార్లమెంటులో పట్టుబట్టిన వాళ్లలో ముందున్నది ఎవరనుకున్నారు, ఇదే బ్రిస్కో.

బెర్లిన్‌లో జరిగిన ఒక సంఘటన చెప్తాను. 1922 జనవరి. చార్లెస్ బ్యూలీ అని కొత్త ఐరిష్ ప్రభుత్వం పంపిన వాణిజ్య ప్రతినిధి, ఒక రాత్రి బెర్లిన్‌లోని సంగీతశాలకి వెళ్లాడు. దాని యజమాని యూదుడు. అక్కడికి బ్రిస్కో తరచూ వస్తుంటాడు. మాటల్లో బ్రిస్కో పేరు రాగానే బ్యూలీ అతని మతాన్ని పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాడు. మెడపట్టి బయటికి గెంటేశారు. బ్రిస్కో ఫిర్యాదు చేస్తే విషయం విదేశాంగ మంత్రి దాకా వెళ్లింది. ఇద్దరూ ఒకే ఉద్యమం మనుషులు, ఒకే దేశం కోసం ఒకే ఊళ్లో పనిచేస్తున్నారు. కానీ ఆ దేశం ఎవరిది అన్నదాని మీద ఇద్దరివీ వేరు వేరు లెక్కలు.

దీనికి కొసమెరుపు ఉంది. ఇంత తెలిసీ 1933లో అదే బ్యూలీని మళ్లీ బెర్లిన్‌కే రాయబారిగా పంపారు, అదీ హిట్లర్ అధికారంలోకి వచ్చిన సంవత్సరం. 1938లో యూదుల దుకాణాలు, ప్రార్థనాలయాలు తగలబెట్టాక, నాజీల చర్యలకి కారణాలున్నాయని డబ్లిన్‌కి పేజీలకొద్దీ నివేదిక రాశాడు. ఐర్లండ్ వీసా కోసం వచ్చిన యూదులకి ఎదురుపడింది ఇలాంటి మనిషి. 1939లో తప్పించారు. అప్పటికే ఆలస్యమైపోయింది. నాజీల కాలం మొత్తం మీద ఐర్లండ్ ఆశ్రయమిచ్చిన యూదులు 60 మందే ఉండొచ్చని చరిత్రకారులు తరచూ చెప్పే లెక్క. దీనికి 2003లో న్యాయశాఖ మంత్రి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

మీ రూమ్మేట్ చెప్పిన "హిట్లర్‌తో చేతులు కలపడం" ఇప్పుడు చూద్దాం. అందులో నిజముంది. డబ్లిన్ ఉత్తరాన ఫెయిర్‌వ్యూ పార్కుకి వెళ్తే షాన్ రసెల్ విగ్రహం కనిపిస్తుంది. అతను ఐఆర్ఏ అధిపతి. 1939 జనవరిలో ఇంగ్లండ్ ఊళ్లలో బాంబులు పెట్టించే కార్యక్రమం మొదలుపెట్టాడు. తర్వాత అమెరికా మీదుగా 1940లో బెర్లిన్ చేరాడు. అక్కడ జర్మన్ నిఘా సంస్థ దగ్గర పేలుడు పదార్థాల శిక్షణ తీసుకున్నాడు. ఆగస్టులో జర్మన్ జలాంతర్గామిలో ఐర్లండ్‌కి తిరిగొస్తూ కడుపులో పుండు పగిలి చనిపోయాడు, సముద్రంలోనే ఖననం చేశారు. 1951లో విగ్రహం పెట్టారు. అప్పట్నుంచీ దానికి ప్రశాంతత లేదు. ఒకసారి చెయ్యి విరగ్గొట్టారు, 2004లో తల నరికి పట్టుకెళ్లారు. తర్వాత కంచుతో మళ్లీ చేయించి నిలబెట్టారు.

నేను మనవాళ్లని అక్కడికి తీసుకెళ్లినప్పుడల్లా ఒకటే ప్రశ్న: అయితే నాజీయేనా? అతని అభిమానుల వాదన ఏమిటంటే, అతనికి సిద్ధాంతాల గోల పట్టదు, ఇంగ్లండ్‌ని కొట్టడానికి తుపాకీ ఇస్తే ఎవరి దగ్గరికైనా వెళ్లేవాడు. మనకి సుభాష్ చంద్రబోస్ గురించి ఇదే వాదన బాగా తెలుసు కాబట్టి చాలామంది తలూపుతారు. నేను తలూపను. శత్రువుకి శత్రువు మిత్రుడు అన్నది ఎంతవరకు పోతుందో చూడాలంటే అప్పటి ఐఆర్ఏ రహస్య పత్రిక వార్ న్యూస్ చూస్తే చాలు. 1940లో జర్మన్ సైన్యం వస్తే మిత్రులుగా, విముక్తి ప్రదాతలుగా చూడాలని రాసింది. అక్కడితో ఆగకుండా యూదుల మీద విషం చిమ్మే రాతలూ వచ్చాయి. ఆయుధం అప్పు తెచ్చుకుంటే దానితోపాటు భాష కూడా అంటుకుంటుంది. షిన్ ఫేన్ ఇప్పటి నాయకురాలు మేరీ లూ మెక్‌డొనాల్డ్ 2003లో ఈ విగ్రహం దగ్గర జరిగిన స్మారక సభలో మాట్లాడింది. ఆ ప్రశ్న ఇప్పటికీ ఆమెను వదల్లేదు, వదలకూడదు కూడా.

ఇక మీ రూమ్మేట్ చెప్పని సగం. రసెల్ ఉన్న అదే జలాంతర్గామిలో ఫ్రాంక్ రయన్ ఉన్నాడు. అతనూ ఐఆర్ఏ మనిషే. స్పెయిన్ వెళ్లి ఫాసిస్టులకి వ్యతిరేకంగా పోరాడి, వాళ్ల నాయకుడు ఫ్రాంకో జైల్లో పడి, అక్కణ్నుంచి జర్మన్ల చేతికి వచ్చినవాడు. 1930లలో డబ్లిన్ వీధుల్లో ఫాసిస్టు చొక్కాలు తొడుక్కున్న ఓడఫీ మనుషుల్ని ఎదుర్కొన్నది ఇలాంటి రిపబ్లికన్లే. ఓడఫీ ఐఆర్ఏ వ్యతిరేకి, ఇవాళ పెద్దమనుషుల పార్టీగా పేరున్న ఫీనా గేల్‌కి 1933లో మొదటి అధ్యక్షుడు. 1943లో పార్లమెంటులో నిలబడి జర్మనీ యూదుల్ని తరిమింది, మనమూ అదే చెయ్యాలన్న అర్థంలో మాట్లాడిన ఆలివర్ ఫ్లానగన్ షిన్ ఫేన్ వాడు కాదు. స్వతంత్రంగా గెలిచి, తర్వాత ఫీనా గేల్‌లో చేరి రక్షణ మంత్రి కూడా అయ్యాడు. యూదు ద్వేషం అంతా రిపబ్లికన్ల జేబులో పెట్టేసి మిగతావాళ్లు చేతులు దులుపుకోవడం ఇక్కడ బాగా అలవాటు.

డి వలేరా సంగతి ఎటూ తేలదు. 1937 రాజ్యాంగంలో గుర్తించిన మతాల్లో యూదుల పేరు విడిగా రాయించాడు, అప్పటి యూరప్‌లో అది చిన్న సాహసం కాదు. ముఖ్య రబ్బీ ఐజాక్ హెర్ట్‌జోగ్ ఆయనకి ఆప్తమిత్రుడు. ఆ రబ్బీకి "షిన్ ఫేన్ రబ్బీ" అని పేరు కూడా. యుద్ధం అయ్యాక, న్యాయశాఖ వద్దన్నా కాదని వందమంది దాకా యూదు పిల్లల్ని దేశంలోకి రానిచ్చాడు, వాళ్లు 1948లో వచ్చారు. కానీ 1945 మే 2న, హిట్లర్ చచ్చాడని తెలిశాక, జర్మన్ రాయబారి ఇంటికి వెళ్లి సంతాపం చెప్పి వచ్చింది కూడా ఈయనే. అప్పటికే బుఖెన్‌వాల్డ్, బెల్సన్ శిబిరాల ఫోటోలు ప్రపంచం చూసింది. రబ్బీగారి అబ్బాయి ఖయిమ్ ఆ రోజుల్లో బ్రిటిష్ సైన్యంలో అధికారిగా జర్మనీలోనే ఉన్నాడు. అదంతా ప్రొటోకాల్, వెళ్లకపోతే మర్యాద కాదు అని డి వలేరా సమర్థించుకున్నాడు. తటస్థ దేశం అని ఇంగ్లండ్‌కి చూపించుకోవాలన్న పట్టుదల. మళ్లీ అదే తక్కెడ.

ఇక్కడ చాలామందికి తెలియని మలుపు ఒకటి. 1940లలో పాలస్తీనాలో బ్రిటిష్ వాళ్లమీద బాంబులు వేసిన యూదు సాయుధ దళాలు పాఠాలు నేర్చుకుంది ఎవరి దగ్గరనుకున్నారు? ఐఆర్ఏ చరిత్రలోంచే. తర్వాత ఇజ్రాయెల్ ప్రధాని అయిన యిట్జాక్ షమీర్, మైకేల్ కాలిన్స్ మీద అభిమానంతో తన రహస్య పేరు మైకేల్ అని పెట్టుకున్నాడు. ఆ దళాల వెనకున్న ఉద్యమ నాయకుడు జబోటిన్‌స్కీకి బ్రిస్కో సలహాలిచ్చాడు. అప్పట్లో ఐరిష్ రిపబ్లికన్లలో చాలామందికి యూదులు తమలాంటివాళ్లుగా కనిపించారు, కారణం బ్రిటిష్ వాడు అవతల నిలబడి ఉండటం.

మరి పాలస్తీనా వైపు ఎలా తిరిగారు? దీనికి కూడా యూదు ద్వేషం అవసరం లేదు, ఐరిష్ చరిత్ర చాలు. 1917లో పాలస్తీనాలో యూదుల జాతీయ నివాసానికి మాటిచ్చిన బాల్ఫర్, అంతకు ముప్పై ఏళ్ల ముందు ఐర్లండ్‌ని పాలించిన కార్యదర్శి. 1887లో మిచెల్స్‌టౌన్‌లో పోలీసులు రైతుల సభ మీద కాల్చి ముగ్గుర్ని చంపితే వెనకేసుకొచ్చి "బ్లడీ బాల్ఫర్" అని పేరు తెచ్చుకున్నాడు. 1922లో ఇక్కడ రద్దయిన పోలీసు దళాల్లోంచి వందలమందిని పాలస్తీనాలో పోలీసులుగా తీసుకున్నారు, వాళ్లపై అధికారి టూడర్‌తో సహా. అప్పట్లో జెరూసలెం బ్రిటిష్ గవర్నర్ రోనల్డ్ స్టార్స్, అరబ్బుల మధ్య బ్రిటన్‌కి విశ్వాసంగా ఉండే ఒక చిన్న యూదు అల్‌స్టర్ తయారవుతుందన్న ఆలోచనని రాసిపెట్టాడు. అల్‌స్టర్ అంటే బ్రిటన్ చేతిలోనే ఉండిపోయిన ఉత్తరభాగం, ఇక్కడివాళ్లకి విభజన గాయం. 1937లో పాలస్తీనాని ముక్కలు చెయ్యాలని బ్రిటిష్ కమిషన్ అంటే డి వలేరా వ్యతిరేకించాడు. ఒక దేశాన్ని గీత గీసి పంచడం అన్న మాట వింటేనే వీళ్లకి ఒళ్లు మండుతుంది. 1978 నుంచి ఐరిష్ సైనికులు దక్షిణ లెబనాన్‌లో శాంతిదళంగా పనిచేశారు, అక్కడ చనిపోయినవాళ్లూ ఉన్నారు. 2024 మే 28న ఐర్లండ్ పాలస్తీనాని దేశంగా గుర్తించింది, ఆ డిసెంబరులో ఇజ్రాయెల్ డబ్లిన్‌లో తన ఎంబసీ మూసేస్తున్నట్టు ప్రకటించింది.

బెల్‌ఫాస్ట్ వెళ్తే ఇది మరీ వింతగా ఉంటుంది. కాథలిక్ పేటల్లో పాలస్తీనా జెండా, నాలుగు వీధులు దాటి బ్రిటన్ అనుకూలుర పేటల్లో ఇజ్రాయెల్ జెండా. జెండా కట్టినవాళ్లలో చాలామంది జీవితంలో ఒక యూదుణ్ని కలిసి ఉండరు. ఖయిమ్ హెర్ట్‌జోగ్, అదే రబ్బీగారి అబ్బాయి, ఇజ్రాయెల్ అధ్యక్షుడయ్యాడు. ఆయన పుట్టింది 1918లో బెల్‌ఫాస్ట్ క్లిఫ్టన్‌పార్క్ అవెన్యూలో. ఆ ఇంటి మీద ఉన్న నీలం స్మారక ఫలకాన్ని దాడుల కారణంగా 2014లో తీసేశారు. ఆ ఏడు గాజా మీద యుద్ధం. ఎక్కడో యుద్ధం జరిగితే ఇక్కడ ఒక ఇంటి గోడ మీద కోపం చూపించారు.

నేను గీత గీసేది ఇక్కడ. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని తిట్టడం, గాజా కోసం ఊరేగడం యూదు ద్వేషం కాదు. డబ్లిన్ ఊరేగింపుల్లో యూదులు కూడా నడుస్తారు. కానీ డావిట్ ముందుమాట గుర్తుందా, పెట్టుబడిని తిడుతున్నాననుకుంటూ యూదుణ్ని తిట్టడం? అది ఇప్పటికీ తిరిగొస్తుంటుంది. 2020 ఎన్నికల తర్వాత ఒక షిన్ ఫేన్ ఎంపీ పాత ట్వీట్లు బయటపడ్డాయి. హిట్లర్ రోత్‌షీల్డ్ బ్యాంకు చేతిలో పావు అన్నట్టు ఉంది అందులో. ఆమె క్షమాపణ చెప్పింది. ఆమె మాట గాజా గురించి కాదు, ప్రపంచాన్ని తెరవెనక నడిపే యూదు బ్యాంకర్ల గురించి. అది 1899 నాటి యునైటెడ్ ఐరిష్‌మన్ సరుకే, కొత్త ప్యాకింగ్ అంతే. నాకు టెన్షన్ పెట్టేది జెండాలు కాదు, ఈ సరుకు ఎక్కడిదో తెలియకుండానే మంచి మనుషులు ఫార్వర్డ్ చెయ్యడం. మన వాట్సాప్ గ్రూపుల గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 2022 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద యూదులు 2,193 మంది. 1946లో సుమారు 3,900. ఇంత చిన్న సమూహం మీద ఎవరూ పనిగట్టుకుని పగబట్టక్కర్లేదు. చుట్టూ ఉన్నవాళ్లు తమ పెద్ద గొడవలో వీళ్లనో గుర్తుగా వాడుకుంటే చాలు, ఊపిరాడదు. 2025 చివర్లో రాత్‌గార్‌లో ఉన్న హెర్ట్‌జోగ్ పార్కు పేరు తీసెయ్యాలని డబ్లిన్ సిటీ కౌన్సిల్ ముందుకి ప్రతిపాదన వస్తే, ప్రధాని మిహాల్ మార్టిన్ వెనక్కి తీసుకోమన్నాడు. చివరికి అప్పటికి ఆ ప్రతిపాదన ఆగింది. ఇజ్రాయెల్ అధ్యక్షుడి పేరు మాకెందుకు అనేవాళ్ల వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఆ పార్కు పక్కనే యూదు పిల్లల స్కూలుంది. పేరు చెరిపితే వాళ్లకి వినిపించేది గాజా మాట కాదు.

మీ ఐరిష్ ఫ్రెండ్ చెప్పిన "హింసించని దేశం మాదొక్కటే" అన్న మాట ఎక్కడిదో కూడా చెప్పి ముగిస్తాను. అది కాథలిక్కుల హక్కుల కోసం పోరాడిన ఐరిష్ నాయకుడు డానియెల్ ఓకానెల్ మాట, 1829లో లండన్‌లో ఒక యూదు నాయకుడికి రాసిన ఉత్తరంలోది. ఆయన రాసిన నాటికి చాలావరకు నిజమే. 1904 ఇంకా రాలేదు మరి.

మన తెలుగువాళ్లకి ఐరిష్ పోరాటమంటే ఒక అభిమానం ఉంటుంది, నాకూ ఉంది. వి.వి. గిరి ఇక్కడే యూనివర్సిటీ కాలేజీలో చదివాడు, 1916 తిరుగుబాటు తర్వాత దేశం వదిలి పొమ్మన్నారు. ఆ అభిమానం వదులుకోనక్కర్లేదు. వీలైతే ఒక శనివారం లిమరిక్ రైలెక్కండి. కలూనీ వీధి ఇప్పుడా పేరుతో లేదు, వుల్ఫ్ టోన్ వీధి అని అడగాలి. కాథలిక్, ప్రొటెస్టంట్ అన్న పేర్లు పోయి అందరికీ ఐరిష్ అన్న ఒక్క పేరే ఉండాలన్న టోన్, రిపబ్లికన్ ఉద్యమానికి మూలపురుషుడు. వరసగా ఇటుక ఇళ్లు, కిటికీలకి తెరలు, ముందు కార్లు. డబ్లిన్‌లోనే చూడాలంటే పోర్టోబెల్లోలో వాల్‌వర్త్ రోడ్డు మీద పాత ప్రార్థనాలయంలో యూదు మ్యూజియం ఉంది, 1985లో ఖయిమ్ హెర్ట్‌జోగ్ వచ్చి ప్రారంభించాడు. వెళ్లేముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి.